అప్‌డేట్: డిఫెన్స్ స్టడీస్ ఎంఏలో చేరాను

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ. బీఏ అయ్యాక డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ చదవాలనుంది, అది ఆర్మీలో చేరేవాళ్ల కోర్సేనా అని పోయిన వేసవిలో ఇక్కడ అడిగాను. పుణేలో, సావిత్రీబాయి ఫులే యూనివర్సిటీలో చేరిపోయాను.

అది ఆర్మీలో చేరేవాళ్ల కోర్సు కాదని మీరు చెప్పిందే నిజం. ఆఫీసర్ కావాలంటే దారి వేరు. ఆఫీసర్ల ఎంపికకు పెట్టే సీడీఎస్ పరీక్షతో ఆర్మీకి వెళ్లాలంటే ఏ డిగ్రీ అయినా చాలు, ఈ ఎంఏ అక్కర్లేదు. కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌లో మాత్రం ఈ సబ్జెక్టు విడిగా ఉంది, నా గురి దాని మీదే.

నన్ను బాగా పట్టేసింది అణ్వస్త్ర విధానం. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత, 2003 జనవరిలో ప్రభుత్వం ప్రకటించిన విధానంలో 'ముందుగా మనం ప్రయోగించం' అన్న మాట ఉంది. ఆ మాట నిలబడాలంటే మొదటి దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టే శక్తి మిగలాలి. అణు క్షిపణులతో సముద్రంలో దాగి ఉండే అరిహంత్ లాంటి జలాంతర్గాములు అందుకే. అది అర్థమైన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంగ్లిష్‌లో రాయడం ఇంకా టెన్షనే. నోట్సు ముందు తెలుగులో రాసుకుంటున్నాను. అంతర్గత భద్రత మీద వ్యాసం నక్సలైట్ల సమస్యను చూసిన మా గడ్చిరోలి గురించే రాస్తాను. మ్యాపులో చుక్కలుగా కనిపించే ఆ ఊళ్లలోనే మా మేనత్త వాళ్లుంటారు.