వాడిన ఫూస్‌బాల్ టేబుల్ కొనేముందు ఏమేం చూడాలి?

అందరికీ నమస్కారం. పిల్లల కోసం ఒక సెకండ్ హ్యాండ్ ఫూస్‌బాల్ టేబుల్ (రాడ్లకి బిగించిన బొమ్మలతో బంతిని కొట్టి ఆడే ఫుట్‌బాల్ బల్ల) కొనాలనుకుంటున్నాం. ఈ ఆదివారం వెళ్లి చూడాలి. ఫొటోల్లో బాగానే ఉంది కానీ, రాడ్ వంకర ఫొటోలో కనపడదు కదా, అదే నా టెన్షన్.

ఎనిమిది రాడ్లనూ ఒక్కొక్కటిగా మెల్లగా తిప్పి చూద్దామనుకుంటున్నాను. వంగిన రాడ్ అయితే తిరిగేటప్పుడు మధ్యలో ఊగుతుంది, అది తెలుస్తుంది. కానీ ముందుకూ వెనక్కూ లాగినప్పుడు పట్టేస్తుంటే? రాడ్ కొంచెం వంగిందా, పక్కగోడలోని బుషింగ్ (రాడ్ దూరే రంధ్రంలో ఉండే రింగు) పాడైందా, లేక ఊరికే మురికి పట్టిందా అన్నది అక్కడికక్కడే ఎలా తేల్చుకోవాలి? బుషింగులు మార్చుకోవచ్చు, మురికైతే తుడిచి సిలికాన్ స్ప్రే కొడితే చాలు. రాడ్డే పోతే మాత్రం నేను కొనను.

రెండోది, బంతి దొర్లే పలక. బంతి ఒకే పక్కకి పోతుంటే కాళ్ల కింద మరలు తిప్పి సరిచేసుకోవచ్చు. అన్ని వైపుల నుంచీ మధ్యకే వస్తోందంటే పలక కుంగినట్టేనా? దాన్ని కింద నుంచి బలపరిచి వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? తేమకి చెక్క ఉబ్బిందేమో కింద కూడా టార్చి వేసి చూస్తాను.

బొమ్మలు ఒకటి రెండు విరిగినా పర్వాలేదు, అయితే రాడ్ మందానికి సరిపోయేవి దొరకాలి. అందుకే కొలత తీసుకుంటాను.

ఇలాంటిది కొన్నవాళ్లు, ఆడుతూ ఉంటేగానీ బయటపడని లోపాలు ఏమైనా ఉంటే దయచేసి చెప్పండి.