ఎల్‌కేజీలో కొరికే బాబును కొట్టకుండా ఎలా దారికి తేవాలి?

మిర్యాలగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్‌ని. మా క్లాసులో నాలుగేళ్లు దాటిన ఒక బాబు పక్క పిల్లలను కొరుకుతున్నాడు. ఊరికే కాదు, చేస్తున్న పని ఆపమన్నప్పుడే. బ్లాకులు సర్దేయమంటే చాలు, పిడికిలి బిగిస్తాడు, చెవులు ఎర్రబడతాయి, ఆ తర్వాత ఎవరి చెయ్యి అందితే వాళ్లది. మొన్న ఒక పాప మోచేతి దగ్గర పళ్ల గుర్తులు పడ్డాయి. వాళ్లమ్మ గేటు దగ్గరే గొడవ పెట్టుకుంది. ఆమెను తప్పుపట్టలేను.

తండ్రికి రైస్ మిల్లులో పని, బాబును చూసుకునేది నానమ్మ. "రెండు తగిలియ్యి బిడ్డా, గప్పుడే ఇంటడు" అంటుంది. 2009 విద్యా హక్కు చట్టం కొట్టొద్దంటుంది కదా అంటే, అది 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకని మా స్కూల్లో ఒకరు లా పాయింట్ తీశారు! చట్టం సంగతి అటుంచండి, కొడితే వాడు నేర్చుకునేది కొట్టడమే.

విడిగా కూర్చోబెడితే ఇంకా రెచ్చిపోతున్నాడు. "ఇంకో పాట అయ్యాక సర్దేద్దాం" అని ముందే చెబితే కొంచెం నయం. కానీ క్లాసు నిండా పిల్లలు, నేనూ ఒక ఆయా. ఇంతకంటే తేలికైన పద్ధతి ఉందా?

ఇంకో అనుమానం. మాటలు రెండు ముక్కల్లోనే వస్తాయి, వెనక నుంచి పిలిస్తే పలకడు. వినికిడి పరీక్ష చేయించమని నానమ్మకు కోపం రాకుండా ఎలా చెప్పాలి? ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) డాక్టర్లు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వెళ్తారు, మా దగ్గరికి రారు. నల్గొండ పెద్దాసుపత్రికి పిల్లలను తీసుకెళ్లినవాళ్లుంటే, ఓపీ చీటీ ఏ డాక్టర్‌కు రాయించుకోవాలో చెప్పండి.