అప్‌డేట్: ఐదు తీగల కస్టమ్ బేస్‌లో బి తీగ గరగర, కారణం దొరికింది

కొత్తగా చేయించుకున్న బేస్ గిటార్‌లో, వానలు మొదలయ్యాక బి తీగ (అన్నిటికంటే లావైన, మంద్రమైన తీగ) మొదటి నాలుగు ఫ్రెట్ల (నెక్ మీది అడ్డ లోహపు పట్టీల) దగ్గర గరగరలాడుతోందని అడిగాను కదా, అది తేలింది. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపుని సరిచేసే కడ్డీ) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది, చాలా థాంక్స్.

తయారుచేసినాయన తీగను మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి, ఎనిమిదో ఫ్రెట్ మీద చూపించారు: తీగ ఆనుకునే ఉంది, సందే లేదు. తేమకి ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన చెక్క పలక) ఉబ్బి నెక్ వెనక్కి వంగిందట. రాడ్ కాస్త వదులు చేసి 0.3 మిల్లీమీటర్ల సందు తెచ్చారు, అంటే విజిటింగ్ కార్డు దూరేంత. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) ముట్టుకోలేదు.

పికప్‌లకీ (తీగ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) దీనికీ సంబంధం లేదు. 34 అంగుళాల స్కేలు (తీగ మోగే పొడవు) బి తీగకి చాలదేమోనన్న టెన్షన్ కూడా అనవసరం. ఇప్పుడు ఎంత నిండుగా పలుకుతోందో! రాడ్ మీరే తిప్పుకుంటే ఒక్కసారికి పావు చుట్టు దాటకండి, తిప్పాక మళ్లీ శ్రుతి చేసి చూడండి.