సూర్యలంక తీరంలో హ్యాంగ్ గ్లైడింగ్: గుట్ట లేనిచోట ఎగరడం సాధ్యమేనా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. హ్యాంగ్ గ్లైడింగ్ (గుడ్డతెర రెక్క కింద వేలాడుతూ ఇంజను లేకుండా ఎగరడం) క్లబ్ వారితో మా మిత్రబృందానికి ఈ మధ్య పరిచయమైంది. మార్చిలో ఒక ఆదివారం బాపట్ల దగ్గరి సూర్యలంక తీరంలో కుటుంబాలతో సహా కలుసుకుంటున్నామని, పోటీలేవీ ఉండవని, సరదాగా ఎగురుతామని చెప్పి మమ్మల్ని కూడా రమ్మన్నారు. నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి మీదుగా రాత్రికే బయలుదేరి తెల్లవారేసరికి అక్కడ ఉండాలని అనుకుంటున్నాము. మన వైపు గుట్టల మీది నుంచి ఎగురుతారంటే అర్థమవుతుంది గానీ, చదునైన ఇసుకలో ఇంజను లేని గ్లైడర్ ఎలా లేస్తుంది? మాలో ఒకరిద్దరు తామూ ఎగరాలని ఉబలాటపడుతున్నారు. పిల్లలను వెంట తీసుకెళ్ళవచ్చా?

సమాధానం 1 (మహబూబ్‌నగర్ నుంచి)

నమస్కారమండీ. ముందుగా మీ ప్రయాణ సమయం గురించి చెప్పాలి. తెల్లవారుజామున నేల చల్లబడి, నీరు ఇంకా వెచ్చగా ఉంటుంది కనుక గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది. గ్లైడర్ ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలి, ఎదురుగానే దిగాలి. గాలి సముద్రం వైపు తోస్తున్నప్పుడు ఎగిరితే నీళ్ళలోకి కొట్టుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ వేళలో బాధ్యత తెలిసిన పైలట్ ఎవరూ ఎగరరు. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి దిశ మారి, సముద్రం నుంచి తీరానికి నిలకడగా వీయడం మొదలవుతుంది. కాబట్టి మీరు నిద్ర చెడగొట్టుకుని తెల్లవారకముందే చేరవలసిన అవసరం లేదు. అసలు ఎగరడమంటూ జరిగితే అది మధ్యాహ్నం జరుగుతుంది.

ఇక గుట్ట సంగతి. తీరంలో ఎత్తైన కొండచరియ గానీ ఇసుకతిన్నె గానీ ఉంటే, సముద్రపు గాలి దానికి తగిలి పైకి మళ్ళుతుంది. గ్లైడర్ ఆ పైకిలేచే గాలిలోనే నిలబడగలుగుతుంది. రైట్ సోదరులు తమ గ్లైడర్లను పరీక్షించడానికి 1900లో అమెరికాలోని కిట్టీ హాక్ తీరాన్ని ఎంచుకున్నది నిలకడైన గాలి, మెత్తని ఇసుక రెండూ అక్కడ ఉన్నందువల్లనే. సూర్యలంక వంటి చదునైన తీరంలో అలా గాలిని మళ్ళించే ఎత్తు లేదు కనుక, తాడుతో లాగి లేపవలసి ఉంటుంది. 1963లో ఆస్ట్రేలియాలోని గ్రాఫ్టన్‌లో జాన్ డికెన్సన్ తయారుచేసిన గ్లైడర్ కూడా నది మీద పడవ లాగితేనే లేచింది. అయితే తాడుతో లాగడానికి జనం లేని పొడవైన జాగా, ఆరితేరిన మనిషి, లాగుడు ఎక్కువైతే తాడును వదిలించే ఏర్పాటు తప్పనిసరి. ఆదివారం నాటి జనసందోహంలో అంత జాగా దొరకడం కష్టమని నా అభిప్రాయం. ఆ రోజు ఎక్కువ భాగం ఇసుకలో గ్లైడర్‌ను భుజాన మోస్తూ గాలికి నిలబెట్టే సాధనతోనే గడిచిపోతే నిరాశపడకండి, నేర్చుకునేవారికి అది చాలా విలువైన సాధన.

సమాధానం 2 (మిర్యాలగూడ నుంచి)

పై మిత్రులు చెప్పినదానికి భద్రత గురించి కొంత చేరుస్తాను. హ్యాంగ్ గ్లైడర్‌లో పైలట్ ఒంటి బరువును అటూ ఇటూ జరిపి మలుపు తిప్పుతాడు. ఇది చూసినంత మాత్రాన వచ్చే విద్య కాదు. శిక్షణ లేనివారిని ఒంటరిగా ఎగరనివ్వకూడదు. మీ మిత్రులు నిజంగా ఎగరాలనుకుంటే, ఇద్దరిని మోసే గ్లైడర్, దాన్ని నడిపే అర్హత ఉన్న పైలట్ ఉన్నారా అని క్లబ్ వారిని ముందే అడగండి.

ఎగరబోయే ముందు పైలట్లు చేసే ఒక పరీక్షను మీరూ దగ్గరుండి చూడండి. సహాయకుడు గ్లైడర్ ముక్కును పట్టుకుని నిలబడగా, పైలట్ హార్నెస్‌లో, అంటే తనను గ్లైడర్‌కు వేలాడదీసే పట్టీల తొడుగులో, వేలాడుతూ బోర్లా పడుకుంటాడు. హార్నెస్‌ను గ్లైడర్‌కు తగిలించే కొక్కెం సరిగ్గా తగిలిందా, పట్టీలు మెలికపడ్డాయా, ఛాతీ చేతులతో పట్టుకునే కడ్డీకి ఎంత ఎత్తులో ఉంది అని ఇద్దరూ చూసి, పైకి చెప్పుకుంటారు. కొక్కెం తగిలించుకోవడం మరిచి పరుగెత్తిన పైలట్లు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు ప్రపంచంలో పలుచోట్ల జరిగాయి. ఈ పరీక్ష చేయని బృందం దగ్గర పిల్లలను ఒక్క క్షణం కూడా నిలబెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. నీళ్ళలో దిగడం మరీ ప్రమాదకరం. తెరలోకి నీరు చేరి అలలు లాగేస్తుంటే, హార్నెస్‌లో చిక్కుకున్న మనిషి ఈతగాడైనా బయటపడడం కష్టం.

మరొక మాట. సూర్యలంకలో వైమానిక దళ స్థావరం ఉంది. కనుక ఆ గగనతలంలో ఎగరడానికి కావలసిన అనుమతులన్నీ క్లబ్ వారు రాతపూర్వకంగా తీసుకున్నారో లేదో కనుక్కోండి. అడిగితే నొచ్చుకుంటారని మొహమాటపడకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఉదయం బయలుదేరి మధ్యాహ్నానికి చేరేలా ప్రయాణం మార్చుకుంటున్నాము; అనుమతుల గురించి క్లబ్ వారికి ఈరోజే రాశాను. పిల్లలను ఎక్కడ నిలబెట్టమంటారు?

సమాధానం 1 రాసినవారు

గ్లైడర్లు లేచే, దిగే దారికి బాగా పక్కగా, విప్పి నిలబెట్టిన గ్లైడర్లకు దూరంగా ఉంచండి. గాలి ఒక్కసారిగా విసిరితే, ఎవరూ పట్టుకోని గ్లైడర్ పల్టీకొట్టి మీద పడవచ్చు. గాలి దిశ చూపించే గుడ్డగొట్టం ఒకటి తీరంలో కట్టి ఉంటుంది. దాని తోక సముద్రం వైపు తిరిగితే ఆ పూటకు ఎగరడం ఆగిపోతుందని పిల్లలకు చెప్పండి, వారే గమనిస్తుంటారు.