మయోటమీని ‘కండర ఛేదనం’ అనొచ్చా?

అన్నవాహిక కింది చివర బిగుసుకున్న కండరాన్ని చీల్చే ఆపరేషన్‌ని ‘హెల్లర్స్ మయోటమీ’ అంటారు. దానికి తెలుగులో ‘కండర ఛేదనం’ సరిపోతుందా అని ఒకరు అడిగారు. నన్నడిగితే సరిపోదండీ.

గ్రీకులో ‘మూస్’ అంటే కండరం, ‘తొమే’ అంటే కోత. కోసి వదిలేస్తే అది ఒటమీ. ‘ఎక్’ అంటే బయటికి, కాబట్టి కోసి తీసేస్తే ఎక్టమీ. ‘స్తోమా’ అంటే నోరు. కొత్తగా ఒక నోరు తెరిచిపెడితే ఆస్టమీ. ఈసోఫేగస్‌కి, అంటే అన్నవాహికకి, ఈ మూడూ తగులుకుంటాయి. ఈసోఫేగాటమీలో అన్నవాహికను కోసి తెరుస్తారు. ఈసోఫేజెక్టమీలో కొంత భాగమో, దాదాపు మొత్తమో తీసేస్తారు. ఈసోఫేగాస్టమీలో మెడ దగ్గర దానికి బయటికి దారి పెడతారు. మా చుట్టాల్లో ఒకాయనకి గచ్చిబౌలిలో మయోటమీ చేస్తే, డిశ్చార్జ్ కాగితం చూసినవాళ్ళంతా ‘కండ తీసేశారట’ అని ఫోన్లు చేసుకున్నారు. అక్కడ తీసిందేమీ లేదు.

ఇక మన మాటల సంగతి. సుశ్రుతుడు శస్త్రకర్మలను 8 రకాలుగా చెప్పాడు. వాటిలో ఛేదనం అంటే కోసి వేరుచేయడం, భేదనం అంటే చీల్చి తెరవడం, సీవనం అంటే కుట్టడం. అంటే ఎక్టమీ ఛేదనం, ఒటమీ భేదనం, కుట్టువేసే ‘రఫీ’ సీవనం. ఇంత చక్కటి తేడా మన దగ్గరుండగా అన్నింటికీ ‘ఛేదనం’ అని రాసిపారేయడం నాకైతే నచ్చదు.

1913లో జర్మన్ సర్జన్ ఎర్న్‌స్ట్ హెల్లర్ చేసింది అచ్చంగా భేదనమే. అన్నవాహిక కింది చివర బిగుసుకున్న కండరపు పొరను ముందు ఒకటి, వెనక ఒకటి నిలువుగా చీల్చాడు. లోపలి పల్చటి పొరకు గాటు పడకుండా వదిలేశాడు. ఒక వైపు చీలిస్తే చాలని తర్వాతివాళ్ళు తేల్చారు. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే నోట్లోంచి ఎండోస్కోప్ (కెమెరా గొట్టం) పంపి, పైన కోత లేకుండా ఇదే పని చేశాడు. దాన్ని ‘పోయెమ్’ (POEM, పెర్ ఓరల్ ఎండోస్కోపిక్ మయోటమీ) అంటారు. హైదరాబాద్ గ్యాస్ట్రో వార్డుల్లో ‘మావాడికి పోయెమ్ చేశారు’ అని వినబడితే కవిత రాశారనుకోకండి.

ఈ ఆపరేషన్ చేసే జబ్బు పేరు అకలేసియా. ‘ఖలాసిస్’ అంటే సడలడం, ముందున్న ‘అ’ మన ‘అశక్తి’లోని ‘అ’కి తోబుట్టువే. మింగగానే వదులు కావాల్సిన కింది కండరం వదులు కాదు. పూర్వం దీన్నే కార్డియోస్పాజమ్ అనేవారు. ‘కార్డియా’ గుండే అయినా, ఇక్కడ జీర్ణాశయం పైద్వారానికి పెట్టిన పేరు. ఆ పాత పేరు చూసి కార్డియాలజిస్టు దగ్గరికి పరిగెత్తిన వాళ్ళుంటే నేను ఆశ్చర్యపోను.

డిస్‌ఫేజియా విషయంలో మాత్రం తెలుగు లిపి మనల్ని ఇరికిస్తుంది. ‘ఫాగ్’ తినడం (మన భాగం, భక్షణం దానికి దూరపు చుట్టాలే), ‘ఫాసిస్’ మాట. ముందున్న ‘డిస్’ మన ‘దుస్’, ‘దుర్’కి బంధువు. మొదటిదాంతో వచ్చేది మింగడంలో ఇబ్బంది, రెండోదాంతో వచ్చేది మాటలో ఇబ్బంది. ఇంగ్లీషులో (dysphagia, dysphasia) ఒక అక్షరం తేడా అయినా ఉంది, మనం రెంటినీ ‘డిస్‌ఫేజియా’ అనే పలుకుతాం, అలాగే రాస్తాం. పక్షవాతం వచ్చిన మనిషికి రెండూ ఒకేసారి ఉండొచ్చు కాబట్టి ఇది ఉత్త వ్యాకరణం గొడవ కాదు.

మరి మింగడంలో ఇబ్బందిని తెలుగులో ఏమనాలి? ‘మింగుడుపడటం లేదు’ అంటే ఈ రోజుల్లో ఎన్నికల ఫలితాలు గుర్తొస్తున్నాయి. రోగులు మాత్రం ‘ముద్ద దిగట్లేదు’ అంటారు, నా ఓటు దానికే. డాక్టరు కూడా ‘ముద్ద దిగట్లేదా, నీళ్ళు కూడా దిగట్లేదా?’ అని అడగొచ్చు. ముందు ముద్దకు అడ్డుపడి, పోనుపోనూ నీళ్ళకీ వస్తే అన్నవాహికలో గడ్డో, అది సన్నబడటమో అని అనుమానిస్తారు. మొదట్నుంచీ రెండూ దిగకపోతే అకలేసియా లాంటి కదలిక లోపం వైపు చూస్తారు.