ఫిట్స్ మెదడంతా పాకుతుంటే ఒక్కచోట ఆపరేషన్ చేసి ఏం లాభం?

ప్రశ్న (ఒక తండ్రి):
మా అమ్మాయికి ఏడేళ్లు. మూడో ఏట మొదలైన ఫిట్స్ మూడు రకాల మందులు వాడినా తగ్గలేదు. వారంలో నాలుగైదు రాత్రులు నిద్రలోనే వస్తున్నాయి. ముందుగా ఎడమ చెయ్యి బిగుసుకుంటుంది, తల ఎడమకు తిరుగుతుంది, పావు నిమిషం గడవకముందే ఒళ్లంతా కొట్టుకుంటుంది. ఎంఆర్‌ఐలో ఏమీ కనిపించలేదు. మెదడులోని విద్యుత్‌ను గీతలుగా చూపే ఈఈజీ పరీక్ష రిపోర్టులో మాత్రం రెండు వైపులా స్పైకులు (మొనదేలిన గీతలు) ఉన్నాయని రాశారు. అయినా డాక్టరు గారు ఇది కుడి ముందు భాగంలో పుట్టి వ్యాపిస్తున్నట్లుందని, ఆపరేషన్‌కు వీలుంటుందేమో పరీక్షలు చేయించమని అంటున్నారు. మెదడంతా పాకినదానికి ఒక్కచోట కోత పెడితే ఏం లాభమని మా ఇంట్లో అందరూ అడుగుతున్నారు. తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (పిల్లల న్యూరాలజిస్ట్):
జబ్బు పాకడం వేరు, విద్యుత్ అలజడి పాకడం వేరు అండి. మెదడులో రెచ్చగొట్టే కణాలతో పాటు, గాబా అనే రసాయనంతో పక్కవాటిని అదుపులో ఉంచే కణాలూ ఉంటాయి. ఫిట్ పుట్టిన చోట వేలాది కణాలు ఒక్కసారిగా చెలరేగినప్పుడు చుట్టూ ఉన్న ఈ అదుపు కాసేపు చెరువు కట్టలా ఆపుతుంది. కట్ట తెగాక అలజడికి రెండు దారులున్నాయి. ఒకటి, ఆనుకుని ఉన్న మెదడు పొరలోకి మెల్లగా, సెకనుకు కొద్ది మిల్లీమీటర్ల చొప్పున పాకడం; వేళ్ల దగ్గర మొదలై చెయ్యి, ముఖం వరకు క్రమంగా ఎక్కే ఫిట్స్‌ను 19వ శతాబ్దంలోనే హ్యూలింగ్స్ జాక్సన్ గమనించి వివరించారు. రెండోది, పొడవాటి నరాల తంతువుల మీదుగా, కార్పస్ కెలోజమ్ అనే వంతెన దాటి అవతలి సగానికీ, లోపల సంకేతాలను అటూ ఇటూ అందించే థాలమస్ అనే కేంద్రం ద్వారా మిగతా భాగాలకూ చేరడం. ఇది చాలా వేగంగా జరుగుతుంది, ముందు భాగపు ఫిట్స్‌లో మరీను. అవతలి వైపు కణాలు చాలామందిలో ఆరోగ్యంగానే ఉండి, తమకు అందిన సంకేతానికి స్పందిస్తాయంతే. పుట్టే చోటు ఒక్కటే అయితే దాన్ని తీసేశాక వాటికి అందేదేమీ ఉండదు.

ఎంఆర్‌ఐ బాగుందన్నంత మాత్రాన లోపల లోపం లేదని అనుకోకండి. గర్భంలోనే మెదడు పొరలు సరిగా అమరకపోవడాన్ని ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా అంటారు. ఆపరేషన్ దాకా వచ్చే పిల్లల్లో తరచుగా బయటపడే కారణం ఇదే, చిన్నదైతే స్కాన్‌కు చిక్కకపోవచ్చు. సరిగా ఎంచుకున్న రెండు మందులు తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే మందులకు లొంగని మూర్ఛగా భావించాలని మూర్ఛ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2010లో నిర్వచించింది. అందువల్ల మీ డాక్టరు గారిది తొందరపాటు కాదు.

జవాబు 2 (ఈఈజీ టెక్నీషియన్):
రోజూ ఆ గీతలు చూడటమే నా పని. తెర మీద ఒక పేజీకి 10 సెకన్లు వస్తాయి. అలా చూస్తే రెండు వైపులా స్పైకులు కలిసే లేచినట్లుంటాయి. అదే గీతను సాగదీసి ఒక్క సెకను తెరంతా పరిస్తే, తల ముందు భాగంలో కుడివైపు పెట్టే ఎఫ్‌4 అనే ఎలక్ట్రోడ్‌లోని మొన ఎడమవైపు ఎఫ్‌3లోని మొన కంటే కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందుగా లేవడం కొందరు పిల్లల్లో కనిపిస్తుంది. ఒక్క స్పైకుతో తేల్చలేము, అదే వరస మళ్లీ మళ్లీ రావాలి. దీన్నే సెకండరీ బైలాటరల్ సింక్రనీ అంటారు. పుర్రె దాటి మాకు కనిపించాలంటే అనేక చదరపు సెంటీమీటర్ల పొర ఒకేసారి పనిచేయాలి కనుక, మేము చూసే తొలి మొన కూడా అప్పటికే కొంత దూరం నడిచి వచ్చిందే కావచ్చు.

బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ చెప్పుకోదగ్గది. ఫిట్స్ లేని వేళల్లో మెదడులో లేచే రిపుల్స్ అనే అతివేగపు అలలు కూడా ఒకచోట పుట్టి మరోచోటికి వ్యాపిస్తాయని, పుట్టిన చోటును తొలగించడానికీ మంచి ఫలితానికీ సంబంధం ఉందని, వ్యాపించిన చోట్ల విషయంలో అలా లేదని వారు చూపించారు.

జవాబు 3 (ఒక తల్లి):
మా బాబుకు ఫిట్స్ ఎక్కడ మొదలవుతున్నాయో తెలుసుకోవడానికి పుర్రెలో చిన్న రంధ్రాలు చేసి సన్నని ఎలక్ట్రోడ్లు లోపలికి పంపి ఏడు రోజులు ఉంచారు. ఫిట్ రాగానే బటన్ నొక్కడం నా పని. మొదటి రెండు రోజులు ఒక్కటీ రాకపోతే, రావాలని నేనే ఎదురుచూశాను. ఆపరేషన్ అయి ఏడాదిన్నర దాటింది, ఫిట్స్ లేవు, మందులు మాత్రం వాడుతున్నాం. పక్క మంచం పాపకు మొదలయ్యే చోట్లు రెండు తేలడంతో ఆపరేషన్ వద్దని, కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు బాగా తక్కువగా ఉండే కీటోజెనిక్ ఆహారం మొదలుపెట్టారు. పరీక్షలకు వెళ్లడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్లు కాదని మీ ఇంట్లోవారికి చెప్పండి.

ప్రశ్న అడిగిన తండ్రి:
అందరికీ కృతజ్ఞతలు. ఇంట్లో తీసిన వీడియోలు ఏమైనా ఉపయోగపడతాయా?

ఈఈజీ టెక్నీషియన్:
తప్పకుండా. ముందు పాపను పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, ఫోన్ మరొకరికి ఇవ్వండి. దుప్పటి తీసేసి ముఖమూ రెండు చేతులూ కనిపించేలా, వీలైనంత ముందు నుంచి తీయమనండి. ఆలస్యంగా తీస్తే ఒళ్లంతా కొట్టుకోవడమే కనిపిస్తుంది. ఎడమ చేతిని నడిపేది మెదడు కుడివైపు కనుక, మాకు కావలసింది అంతకు ముందు బిగుసుకున్న ఆ ఎడమ చెయ్యి.