350 వాట్ల సబ్‌కి 1000 వాట్ల యాంప్ కావాలంటున్నాడు, నిజమేనా?

తెల్ల_స్విఫ్ట్:
అన్నలూ, డిక్కీలో 12 అంగుళాల సబ్ (బేస్ స్పీకర్) పెట్టించి రెండు వారాలైంది. 350 వాట్ల ఆర్‌ఎంఎస్ (ఆగకుండా మోయగల పవర్), 4 ఓమ్‌ల కాయిల్స్ రెండు. యాంప్ మోనో (ఒకే ఛానల్), 2 ఓమ్‌ల దగ్గర 500 వాట్లు. గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) ముప్పావు వంతు తిప్పినా బేస్ రావట్లేదు. బిగించినతన్ని అడిగితే 1000 వాట్ల యాంప్ తీసుకోమంటున్నాడు. ఇంకో 14 వేలు! సీల్డ్ బాక్స్ (పూర్తిగా మూసింది) తీసేసి పోర్టెడ్ (గాలి రంధ్రం ఉన్నది) పెడితే చాలదా? బ్యాటరీ కూడా మార్చాలా?

గోదారి_బేస్:
పెద్ద యాంపే తీసుకో తమ్ముడూ. చిన్న యాంప్ సబ్‌ని చంపేస్తుంది. నా 300 వాట్ల సబ్‌కి ఫోర్ ఛానల్ యాంప్‌లో రెండు ఛానళ్లు కలిపి (బ్రిడ్జ్ చేసి) 150 వాట్లు ఇచ్చాను. మూడు నెలల్లో పోయింది.

మీటర్_మాస్టారు:
మళ్లీ మొదలైంది ఈ కథ. తక్కువ పవర్‌కే పోతే వాల్యూమ్ తగ్గించిన ప్రతిసారీ పోవాలి కదా. కొద్దిగా వాడితే అరిగిపోవడానికి అది సబ్బా?

గోదారి_బేస్:
వెటకారం వద్దు మాస్టారూ. చిన్న యాంప్ క్లిప్ అవుతుంది, అంటే పవర్ చాలక తరంగం కొసలు తెగుతాయి. క్లిప్ అయితే కాయిల్ కాలుతుంది. ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను.

మీటర్_మాస్టారు:
నేను ఇరవై రెండేళ్లుగా. లెక్క చూడండి. 150 వాట్ల యాంప్ పూర్తిగా క్లిప్ అయి చదరపు తరంగం ఇచ్చినా దాదాపు 300 వాట్లే. మీ సబ్ మోసేదీ అంతే. మీది సీల్డా, పోర్టెడా?

గోదారి_బేస్:
పోర్టెడ్. అయితే ఏంటి?

మీటర్_మాస్టారు:
సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ లోతైన శబ్దాల్ని ఆపేది) పెట్టారా?

గోదారి_బేస్:
ఆ యాంప్‌కి అది లేదు. పోయే ముందు టప్ టప్ అని కొట్టుకునేది.

మీటర్_మాస్టారు:
అదీ సంగతి. పోర్ట్ ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ కంటే కింద కోన్‌ని ఆపే గాలి ఉండదు. అదుపు తప్పి ఊగి కాయిల్ వెనక ప్లేటుకి కొట్టుకుంది. నింద పాపం ఆ 150 వాట్ల మీద పడింది.

గోదారి_బేస్:
మీరు నా కారు డిక్కీలో కూర్చుని చూసినట్టే చెబుతున్నారు.

రాగితీగ:
అసలు సంగతి వైర్ అండీ, ఎవరూ పట్టించుకోరు. షాపుల్లో ఇచ్చే కిట్‌లో అల్యూమినియం తీగకి పైన రాగి పూత. అసలు రాగి మోసే కరెంటులో మూడింట రెండొంతులు కూడా మోయదు. క్లాస్ డీ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) యాంప్ 500 వాట్లు ఇవ్వాలంటే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ పక్కనే, అడుగున్నర లోపు ఫ్యూజ్ ఉండాలి. నాది సీటు కింద పెట్టారు. దారిలో వైర్ రాపిడికి ఇన్సులేషన్ పోయి పొగ వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ కారు ఎక్కదు.

డిక్కీ_డబ్బా:
నాకు బేస్ బాగానే ఉంది కానీ నంబర్ ప్లేట్ గలగలలాడుతోంది. ఏం పెట్టాలి?

రాగితీగ:
వెనకాల ఫోమ్ టేప్ వేయండి.

గోదారి_బేస్:
డబుల్ యాంప్ పెట్టుకో తమ్ముడూ, నా మాట విను.

మీటర్_మాస్టారు:
పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్. చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుందంతే. దానికి 14 వేలా? తెల్ల_స్విఫ్ట్ గారూ, యాంప్ దగ్గర సబ్ వైర్లు ఊడదీసి, వాటి కొసల్లో మల్టీమీటర్ పెట్టి ఓమ్‌లు చూడండి.

తెల్ల_స్విఫ్ట్:
చూశాను అన్నా. 7.2 చూపిస్తోంది.

మీటర్_మాస్టారు:
కాయిల్స్ రెండూ సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపాడు! అంటే మీది 8 ఓమ్‌ల లోడు, మీటర్ కాస్త తక్కువే చూపిస్తుంది. ఓమ్‌లు పెరిగితే యాంప్ ఇచ్చే పవర్ తగ్గుతుంది. ఆ యాంప్ అక్కడ ఇచ్చేది 150 దరిదాపుల్లోనే. పారలల్‌లో (పక్కపక్కన) కలపండి, మీటర్‌లో 1.8 చుట్టుపక్కల చూపించాలి. తర్వాత బేస్ బూస్ట్ సున్నాకి తెచ్చి, సబ్ వైర్లు తీసి, 50 హెర్ట్జ్ టోన్ వేసి, యాంప్ అవుట్‌పుట్‌లో ఏసీ 26 వోల్టులు దాటకుండా గెయిన్ పెట్టండి. 350 వాట్లకి, 2 ఓమ్‌లకి అదే లెక్క.

గోదారి_బేస్:
పవర్ చాలట్లేదని నేను మొదటి పోస్ట్‌లోనే చెప్పాను.

తెల్ల_స్విఫ్ట్:
మార్చాను అన్నా!! వెనక అద్దం వణుకుతోంది. ఇంతకీ బాక్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

డిక్కీ_డబ్బా:
ఫోమ్ టేప్ ఎంత మందం కొనాలి?